బావమరిది కారుకి నేను ఎంచిన సైలెన్సర్

నేను ఓర్వలేని మనిషిని. ఈ మాట ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ రోజుల్లో ఎవరైనా నా ముఖం మీద అని ఉంటే మళ్ళీ వాళ్ళ గడప తొక్కేవాణ్ణి కాదు. పక్కింటివాళ్ళ కొబ్బరిచెట్టు మా చెట్టు కంటే నాలుగు కాయలు ఎక్కువ కాసినా నాకు ఆ పూట అన్నం సయించేది కాదు. అలాంటివాడికి సొంత బావమరిది విదేశీ కారు కొంటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

రెండు వేల సంవత్సరం దాటాక ఐదారేళ్ళకి జరిగిందిది. మేమప్పుడు పాలకొల్లులో, కాలవ వంతెనకి రెండు మూడు వందల గజాల దూరంలో ఉండేవాళ్ళం. బజారులో నాకు ఆయిల్ ఇంజన్ల, నీటి మోటార్ల స్పేరు పార్టులు అమ్మే చిన్న కొట్టు ఉండేది. మా ఆవిడకి ఒక్కడే తమ్ముడు. భీమవరం అవతల రొయ్యల చెరువులు చేసేవాడు. మొదట రెండు చెరువులు, తర్వాత ఆరు, ఆ తర్వాత ఎన్నని నేను అడగడం మానేశాను.

ఒక ఆదివారం పొద్దున్న అతను మా ఇంటి ముందు ఆపిన కారు ఎత్తు నా నడుం దాకా కూడా రాలేదేమో అనిపించింది. ముదురు ఎరుపు రంగు. రెండే తలుపులు, రెండే సీట్లు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. జర్మనీ బండి. హైదరాబాదులో ఎవరో పెద్దమనిషి కొని, మోజు తీరాక అమ్మేస్తే తీసుకున్నానని చెప్పాడు.

"ఓహో, సెకండ్ హ్యాండా?" అన్నాను. ఆ మాటలో ఎంత సంతోషం దాచుకున్నానో నాకే తెలుసు.

"అవునండి బావగారూ, కొత్తది మనమెక్కడ కొనగలం?" అని నవ్వేశాడు. అతనితో వచ్చిన చిక్కే అది. పోట్లాడడానికి ఎక్కడా సందివ్వడు.

వీధి వీధంతా వచ్చి చుట్టూ మూగింది. ఎదురింటాయన అయితే లుంగీ ఎగ్గట్టి, నేల మీద చెయ్యి ఆనించి, కారు అడుగు భాగం కూడా చూసి వచ్చాడు. మా ఆవిడ పసుపూ కుంకుమా తెచ్చి కారుకి బొట్టు పెట్టింది. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది. పద్నాలుగేళ్ళ కిందట నేను స్కూటర్ కొన్నప్పుడు ఒక్క నిమ్మకాయతో సరిపెట్టిన సంగతి నాకు గుర్తొచ్చింది. స్కూటర్‌కి ఉన్నవి రెండు చక్రాలే కదా అని సర్దిచెప్పుకోబోయాను. అలా చూసినా ఒకటి తక్కువే.

ఆ వారంలోనే తణుకులో మా ఆవిడ వైపు చుట్టాల పెళ్ళి వచ్చింది. "కార్లో పోదాం పద అక్కా" అన్నాడు. రెండే సీట్లని చెప్పాను కదా. మా ఆవిడ పట్టుచీర ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి తమ్ముడికిచ్చి, పడవలోకి దిగినట్టు జాగ్రత్తగా దిగి కూర్చుంది. "మీరు స్కూటర్ మీద మెల్లగా వచ్చెయ్యండి" అంది నాతో. పెళ్ళికూతురికి పెట్టాల్సిన చీర ఉన్న సంచి కూడా నా చేతికే ఇచ్చింది, కార్లో దానికి చోటు లేదని. వంతెన దాకా వాళ్ళ వెనకాలే వెళ్ళాను. నా ముఖానికి ఎదురుగా తళతళలాడే రెండు పొగగొట్టాలు. వంతెన దాటాక అవి కూడా కనపడలేదు. నేను చెమటలు కక్కుకుంటూ కల్యాణ మండపానికి చేరేసరికి జీలకర్ర బెల్లం అయిపోయింది.

"ఇంత ఆలస్యమేంటండీ?" అంది మా ఆవిడ. పక్కన ఎవరో పెద్దావిడ, "మీ తమ్ముడి కారు ఏం కారే తల్లీ, పెళ్ళికొడుకుని దాని మీదే ఊరేగిస్తే పోయేది" అంటోంది. నేను సంచి ఇచ్చేసి భోజనాల వైపు వెళ్ళిపోయాను.

రెండు నెలలు తిరక్కుండానే అతనికి ఆ కారుతో ఒక అసంతృప్తి మొదలైంది. మా ఇంటికొచ్చి చెప్పుకున్నాడు. "స్టార్ట్ చేస్తే పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియట్లేదండి బావగారూ. అంత ఇంజను పెట్టుకుని ఫ్రిజ్జులా గురగురమంటోంది." కంపెనీవాళ్ళు బిగించి ఇచ్చిన సైలెన్సర్ తీసేసి, మంచి మోత వచ్చేది వేరేది వేయిద్దామని అతని ఆలోచన. చెన్నైలో ఇలాంటి కార్లకి బయటి దేశాల నుంచి సైలెన్సర్లు తెప్పించే ఒకాయన మూడు రకాలు పంపుతానన్నాడట. ఒక్కోటి బిగించుకుని ఒక వారం తిరిగి చూసి, నచ్చినదాన్ని ఉంచుకుని మిగతా రెండూ వెనక్కి పంపెయ్యాలి.

"ఏది ఉంచాలో మీరే చెప్పాలండి. మీ చెవి ముందు మాదెంత?" అన్నాడు.

నా చెవి గురించి కాస్త చెప్పాలి. ఎందుకంటే ఆ వయసుకి గొప్పగా చెప్పుకోవడానికి నా దగ్గర మిగిలింది అదొక్కటే. ఇంజను మోత విని దాని జబ్బు చెప్పగలను. ఒకసారి ఎవరిదో గృహప్రవేశంలో భోజనాల దగ్గర కూర్చుని, బయట ఆడుతున్న జనరేటర్ విని, "పెరుగు వడ్డించేలోపు ఆగిపోతుంది" అన్నాను. సాంబారు దగ్గరే ఆగిపోయింది. ఆ కథ మా చుట్టాల్లో చాలా ఏళ్ళు తిరిగింది. ఎవరైనా చెప్పుకోకపోతే నేనే ఎలాగోలా ఆ ప్రస్తావన తెచ్చేవాణ్ణి.

ఆ చెవి నాకు మా మిల్లు ఇచ్చింది. పాలకొల్లుకి ఆరేడు మైళ్ళ అవతల, కాలవ ఒడ్డున, మా నాన్నగారికి ఒక రైసు మిల్లు ఉండేది. ఇప్పటి మిల్లులను ఊహించుకోకండి. ధాన్యం పొట్టు తీసే ఒక హల్లరు, ఒక పిండిమర, ఆ రెంటినీ తిప్పడానికి ఒంటి సిలిండరు ఆయిల్ ఇంజను. దాని పొగగొట్టం రేకుల కప్పులోంచి పైకి పొడుచుకుని ఉండేది. ఆ గొట్టం మూతి మీద మా నాన్నగారు ఒక ఇనప గిన్నె బోర్లించి, ఒక పక్క మడతబందుతో బిగించారు. ఇంజను పొగ వదిలినప్పుడల్లా గిన్నె లేచి పడేది. టుక్కు, టుక్కు, టుక్కు అని ఆ మోత రెండూళ్ళ అవతలికి పోయేది. మిల్లు ఆడుతోందని జనానికి తెలియాలి కదా. అది విని ఆడవాళ్ళు ధాన్యం బుట్టలెత్తుకుని బయల్దేరేవాళ్ళు. చుట్టుపక్కల నాలుగు మిల్లులుంటే నాలుగింటిదీ నాలుగు రకాల మోత. ఏది ఆడుతోందో, ఏది ఆగిందో ఇంట్లో పని చేసుకుంటూనే చెప్పేసేవాళ్ళు.

మా నాన్నగారు ఆ గిన్నెని ఏదో చేతికి దొరికిందని పెట్టలేదు. కమ్మరి చేత మూడు గిన్నెలు చేయించారు. పల్చనిది ఒకటి, మందమైనది ఒకటి, నడిమిరకం ఒకటి. ఒక్కోటీ బిగించి, నన్ను ఇంజను దగ్గర కాపలా ఉంచి, ఆయన బల్లకట్టెక్కి కాలవ దాటి అవతలి ఊరికి వెళ్ళేవారు. అక్కడ ఆడవాళ్ళు వంటలు చేసుకునే పెరళ్ళ వెనక సందులో నిలబడి వినేవారు. "ఇక్కడ వినపడుతోంది కదండి నాన్నగారూ, అంత దూరం ఎందుకు?" అని అడిగితే, "మోత మన కోసం కాదురా. వినాల్సినవాళ్ళు ఎక్కడుంటే అక్కడ నిలబడి వినాలి" అనేవారు. చివరికి నడిమిరకం గిన్నె ఖాయం చేశారు. అదే ఎందుకు నచ్చిందో నాకు తెలియదు. ఆడుతున్న ఇంజను వదిలి వెళ్ళడానికి వీల్లేదు కాబట్టి, మా మిల్లు మోత కాలవ అవతల ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ వినలేదు. గొట్టం కింద నిలబడ్డవాడికి అది చెవులు తూట్లు పడే రొద, అంతే.

ఆ అవతలి ఊరే మా అత్తవారి ఊరు. పెళ్ళిచూపుల రోజు మమ్మల్నిద్దర్నీ మాట్లాడుకోమని వసారాలో కూర్చోబెట్టారు. నేను గచ్చు వైపు చూస్తుంటే ఆవిడే అంది, "మీ మిల్లు మోత మా పెరట్లోకి వినపడుతుందండి. అది మొదలవగానే మా అమ్మ ఎసరు పెడుతుంది." అప్పటికి ఆవిడ నా ముఖం సరిగ్గా చూడను కూడా లేదు. నాకు మాత్రం ఆ మాటతో ఇంకేం అక్కర్లేకపోయింది. ఇంటికొచ్చి పిల్ల నచ్చిందని చెప్పేశాను.

తొంభైల చివరికి జనం సంచుల్లో వచ్చే పాలిష్ బియ్యానికి అలవాటుపడ్డారు. బుట్టలు రావడం తగ్గిపోయింది. నాన్నగారు పోయిన మరుసటేడు నేను ఇంజను అమ్మేసి, ఊరొదిలి పాలకొల్లు వచ్చేశాను. గొట్టమూ గిన్నే అదే బండిలో పాత ఇనుము కింద పోయాయి. ఆ రోజు మా ఆవిడ పుట్టింట్లో ఉంది. వచ్చాక, "గిన్నె ఒక్కటైనా ఉంచాల్సిందండి" అంది. "ఉంచి ఏం చేసుకుంటాం?" అన్నాను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా ఆ గిన్నె మాట మళ్ళీ రాలేదు.

అందుకని బావమరిది సైలెన్సర్ సంగతి అడిగినప్పుడు నాకు రెండు రకాలుగా ఉంది. నన్నే అడిగాడని గర్వం. నాకు లేని కారుకి నా చెవితో వన్నె తేవాలా అని కడుపుమంట. "దానికేముంది, విందాం" అన్నాను.

తణుకు రోడ్డు మీద లారీలకి సైలెన్సర్లు చేసే ఒక మేస్త్రి షెడ్డు ఉండేది. చెక్కపెట్టెల్లో వచ్చిన మూడింటినీ అక్కడ దింపించాడు. ఒక్కో ఆదివారం ఒక్కోటి బిగించి, నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని పాలకొల్లు దాకా తీసుకురావడం, నేను విని చెప్పడం, ఇదీ ఏర్పాటు. మేస్త్రి కారుని గొయ్యి మీదకి ఎక్కించి, లోపలికి దిగి పాతది విప్పుతూ, "టిప్పర్లకి కూడా ఇంత మందం గొట్టం వెయ్యలేదండి నేను" అన్నాడు. దానికి కూడా నాకు ఒళ్ళు మండింది.

మొదటిది టైటానియందట. చేత్తో ఎత్తితే ఖాళీ స్టీలు బిందె అంత బరువు కూడా లేదు. స్టార్ట్ చెయ్యగానే కీచుమని ఒక అరుపు మొదలైంది. కాలు నొక్కేకొద్దీ ఆ అరుపు ఇంకా ఇంకా సన్నబడి పళ్ళు జివ్వుమనిపించింది. మేం మా వీధిలోకి తిరిగేసరికి మా ఆవిడ కిటికీ తలుపులు మూసేస్తోంది. "ఏంట్రా ఆ గోల? చెవిలో కందిరీగ దూరినట్టుంది" అని తమ్ముణ్ణి కేకలేసింది. నాకు ఆ రోజు భోజనం చాలా రుచిగా ఉంది. "ఇది పనికిరాదయ్యా" అని చెప్పాను. అది నిజమే.

రెండోది స్టీలుది. బాగా బరువు. మధ్యలో గుమ్మడికాయంత డబ్బా. మేస్త్రి బిగించి, ఇక తిప్పండి అనగానే షెడ్డు రేకులు సన్నగా అదిరాయి. కీచుదనం ఎక్కడా లేదు. అడుగు నుంచి వచ్చే, నిండైన మోత. నేను పక్క సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని వినడం మొదలుపెట్టాను. ఇలాంటి పెద్ద సైలెన్సర్లకి ఉండే ముఖ్యమైన జబ్బు లోపలి హోరు. ఒకే వేగంతో పోతుంటే కారు లోపల ఒక హోరు పుట్టి, పావుగంటలో తల పగలగొడుతుంది. దాని కోసమే కాచుకుని కూర్చున్నాను. అరవైలో విన్నాను. ఎనభైలో విన్నాను. రోడ్డు ఖాళీగా ఉన్నచోట నూరు దాటించమని చెప్పి విన్నాను. హోరు లేదు. ఎక్కడైనా కాస్త దొరికితే బాగుండునని నేను కోరుకుంటున్నానని నాకు అప్పుడే తెలుస్తోంది. నిజం చెప్పాలంటే అంత పొందికైన సైలెన్సర్‌ని నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

పాలకొల్లు వంతెన దిగే చోట ఒక ఎత్తైన స్పీడ్ బ్రేకర్ ఉండేది. కారు అడుగు రాచుకోకుండా అక్కడ అతను నడక కంటే మెల్లగా, ఏటవాలుగా దాటించేవాడు. ఆ రోజూ అలాగే దాటించి, గోతులు తప్పించుకుంటూ మా వీధిలోకి తిప్పాడు. మా ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంది.

హారన్ కొట్టలేదు. వస్తున్నామని ఫోనూ చెయ్యలేదు. ఆదివారం తమ్ముడొస్తాడని గారెలకి పిండి రోట్లోనే రుబ్బేది. పెరట్లోంచి అలాగే లేచి వచ్చినట్టుంది, రెండు చేతులకీ మోచేతుల దాకా పిండి. కాళ్ళకి చెప్పులు లేవు. ఆయాసపడుతోంది. కారు కనపడగానే ఒక్క క్షణం అలాగే ఆగిపోయింది, ఏదో అడగబోయి మానుకున్నట్టు. తర్వాత నవ్వేసి, "నువ్వేనట్రా" అంది. పక్కనే దిగిన నన్ను చూడను కూడా లేదు.

ఆ పిండి చేతులు నాకు నెలల తరబడి కళ్ళలోంచి పోలేదు. నా స్కూటర్ ఇన్నేళ్ళుగా ఆ ఇంటికి వస్తోంది. దాని మోతకి ఆవిడ ఏనాడూ వంటింటి గడప దాటలేదు. గేటు తీసి ఉంటే ఉంది, లేకపోతే నేనే దిగి, తీసుకుని, లోపల పెట్టుకుని, మళ్ళీ వేసుకోవాలి. ఒక ఇనప గొట్టం కోసం ఇంత పరుగా? తమ్ముడైతే మాత్రం?

ఆ వారంలో అతను ఇంకో రెండుసార్లు వచ్చాడు, నేను కొట్లో ఉన్న సమయంలో. నాకు ఎదురింటాయన చెప్పాడు. "మీ ఆవిడగారు వంతెన దగ్గర మోత వినపడితే చాలు, గేటు దగ్గరికి వచ్చేస్తున్నారండి. తమ్ముడంటే ఎంత ప్రేమండీ!" నాకు ఎక్కడ మండుతుందో ఆయనకి బాగా తెలుసు. తెలిసే చెప్పాడు.

మూడోది చూడ్డానికి నాజూగ్గా ఉంది. కంపెనీవాళ్ళు ఇచ్చినదానికీ దీనికీ తేడా ఏంటో నా చెవికి కూడా వెతికితే గానీ దొరకలేదు. చివర మెరుపు కాస్త ఎక్కువ, అంతే. ఆ ఆదివారం మేం వచ్చేసరికి గేటు వేసి ఉంది. అతను రెండుసార్లు హారన్ కొట్టాడు. మా ఆవిడ తీరుబడిగా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తీసింది. చెప్పుకోకూడదు గానీ, నాకు ప్రాణం లేచొచ్చింది.

గారెలు తిని, కాఫీ తాగుతూ అతను అడిగాడు. "ఏది ఉంచమంటారు బావగారూ? నా మనసు రెండోదాని మీద ఉందండి."

"రెండోదానికి లోపల హోరుందయ్యా" అన్నాను.

"నాకేం వినపడలేదండి."

"నీకిప్పుడు వినపడదు. రెండేళ్ళు తిరిగాక తలనొప్పని మంచమెక్కుతావు. పైగా ఆ డబ్బా కిందకి వేలాడుతోంది. మన స్పీడ్ బ్రేకర్లకి నెల తిరక్కుండా ఊడి చేతికొస్తుంది. అయినా పెద్ద కారన్నాక పెద్దరికంగా ఉండాలి గానీ, వీధి వీధంతా లేచి రావాలా? మూడోది ఉంచుకో."

ఇంజను విషయంలో నేనాడిన మొదటి అబద్ధం అది. ఇంట్లో ఆడాను, కొట్లో ఆడాను, చుట్టాల దగ్గర ఆడాను గానీ, ఇంజను గురించి ఏనాడూ లేనిది ఉందని చెప్పలేదు. అతను నా ముఖంలోకి చూశాడు. ఎప్పుడూ చూసేదానికంటే కాస్త ఎక్కువసేపే చూశాడు. తర్వాత కప్పు కింద పెట్టి, "మీరు చెప్పాక ఇంకేముందండి" అన్నాడు. మర్నాడే మిగతా రెండూ పెట్టెల్లోకెక్కి చెన్నై వెళ్ళిపోయాయి.

ఆ తర్వాత కొన్నాళ్ళు నేను చాలా మంచివాణ్ణి. కారు హారన్ వినపడితే నేనే లేచి వెళ్ళి గేటు తీసేవాణ్ణి. ఎదురింటాయనకి వినపడేలా "రావయ్యా రా" అనేవాణ్ణి. కారుకి ఉన్న రంగు, తలుపులు, తోలు సీట్లు అన్నీ ఉన్నాయి, కానీ అది వస్తున్నట్టు ముందుగా ఎవరికీ తెలియదు. నాకు అది చాలు. పెరట్లో మా ఆవిడ రుబ్బుకుంటూ ఉంటే, తమ్ముడొచ్చాడని నేను వెళ్ళి చెప్పాలి. ఆ వార్త మోసుకెళ్ళడంలో నాకెంత తృప్తి ఉండేదో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఒక రోజు సాయంత్రం మా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉన్నట్టుండి అడిగింది. "ఏమండీ, తమ్ముడు ఆ రెండోది ఎందుకు తీసేశాడు?"

"లోపల హోరు" అన్నాను, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"లోపల సంగతి నాకు తెలీదు గానీ, బయటికి ఎంత బాగుండేదో."

"బాగుండదూ మరి. తమ్ముడి కారాయె."

నా ఎత్తిపొడుపు ఆవిడకి తగిలినట్టు లేదు. ఈనె తీస్తూనే చెప్పింది. "తమ్ముడి కారని కాదండీ. వాడు వంతెన దిగేటప్పుడు మెల్లగా చేస్తాడు చూడండి, అప్పుడు పెరట్లోకి అచ్చం మన మిల్లులాగే వినపడేది. ఒక్కొక్క దెబ్బా విడివిడిగా, టుక్కు టుక్కుమని. మా పుట్టింటి పెరట్లో ఎలా వినపడేదో అలాగే. మొదటి రోజు రుబ్బుతూ ఉన్నానా, నాకు మతి పోయింది. మీరే ఎక్కడో పట్టుకుని మన ఇంజను తెచ్చి బిగించారేమో అనుకున్నాను. ఉన్నపళంగా పరిగెత్తుకొచ్చాను. తీరా చూస్తే వీడు! ఎంత పిచ్చిదాన్నో అని నవ్వొచ్చింది. తర్వాత కారేనని తెలిసినా సరే, ఆ మోత వినపడితే కాళ్ళు ఆగేవి కావు."

ఆవిడ చివరి చిక్కుడుకాయ ఈనె తీసి పళ్ళెంలో వేసింది.

"అయినా మీకు తెలియలేదా? మీ చెవికి తెలియకపోవడమేంటండీ?" అని, జవాబు కోసం చూడకుండా చిక్కుళ్ళ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు తెలియలేదు. షెడ్డులో గొట్టం పక్కన నిలబడి విన్నాను. కార్లో సీటు మీద కూర్చుని విన్నాను. అరవైలో విన్నాను, నూరులో విన్నాను. వినాల్సినవాళ్ళు ఉన్న చోట నిలబడి ఒక్కసారి కూడా వినలేదు. నాన్నగారు బల్లకట్టు మీద మూడుసార్లు కాలవ దాటి చేసిన పని, నాకు వాకిట్లోంచి పెరట్లోకి నడిస్తే అయిపోయేది. ఆ పిండి చేతులు పరిగెత్తుకొచ్చింది నా కోసం. నా మిల్లు మీద నేనే కుళ్ళుకుని, దాన్ని పెట్టెలో పెట్టించి చెన్నై పంపించాను.

మర్నాడు కొట్టు తెరవకుండా స్కూటరేసుకుని చెరువుల దగ్గరికి వెళ్ళాను. బావమరిది గట్టు మీద గొంతుక్కూర్చుని, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడడానికి నీళ్ళలోంచి వల పళ్ళెం పైకి లాగుతున్నాడు. నన్ను చూసి కంగారుగా లేచాడు. "అక్కకి బాగానే ఉందా అండి?" అని అడిగాడు.

"బాగానే ఉంది. ఆ రెండో సైలెన్సర్ మళ్ళీ తెప్పించగలవా?"

అతను పళ్ళెం నీళ్ళలోకి వదిలేసి చేతులు దులుపుకున్నాడు. "అది వేరేవాళ్ళు తీసేసుకున్నారటండి. పోయిన నెల నేనూ అడిగాను."

"నీకెందుకు? వద్దని పంపించేశావు కదా?"

"వద్దనుకుని పంపలేదండి." నా ముఖం వైపు చూడకుండానే చెప్పాడు. "దానికి హోరు లేదని నాకు తెలుసండి బావగారూ. మా డ్రైవరు కారు కడిగించి తెస్తుంటే ఒకరోజు ఇంట్లోంచి విన్నాను. అది మీ మిల్లు మోతే. కాలవ అవతల పుట్టి పెరిగినవాళ్ళం, మాకు తెలియదాండి? మీరు హోరుందంటుంటే అర్థమైంది. అది వింటుంటే మీకు నాన్నగారూ, మిల్లూ గుర్తొచ్చి బాధగా ఉంది, పైకి చెప్పుకోలేకపోతున్నారు అనుకున్నాను. మిమ్మల్ని బాధపెట్టే మోతతో మీ ఇంటికి ఎలా రానండి? అందుకే పంపేశాను. నా దగ్గరైనా ఉంచుకుందామని తర్వాత మళ్ళీ అడిగాను."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. పక్కన ఎవరూ లేరు. ఏం చెప్పినా అతను నవ్వేసేవాడే. అది తెలిసి కూడా నేను, "అవునయ్యా, అలాగే అయింది" అన్నాను. అతను నా భుజం మీద చెయ్యి వేశాడు. కారు కొన్నప్పటికంటే, నా పెళ్ళాం కార్లో ముందు వెళ్ళి నేను వెనక సంచి మోసుకెళ్ళినప్పటికంటే, ఆ క్షణంలోనే అతనంటే నాకు ఎక్కువ కుళ్ళు పుట్టింది. అంత మంచితనం అతనికి ఎక్కడిది? నాకెందుకు లేదు?

వస్తుంటే అక్క కోసమని సంచిలో రొయ్యలు పోయించి హ్యాండిల్‌కి తగిలించాడు. ఇంటికొచ్చాను. గేటు వేసి ఉంది. దిగి, తీసుకుని, స్కూటర్ లోపల పెట్టి, మళ్ళీ వేశాను.

"ఎక్కడికెళ్ళారండీ, కొట్టు కూడా తియ్యకుండా?" అంది మా ఆవిడ. తమ్ముడి దగ్గరికన్నాను. ఆ సైలెన్సర్ మళ్ళీ పెట్టుకోమని చెప్పడానికి వెళ్ళాననీ, అది వేరేవాళ్ళకి వెళ్ళిపోయిందనీ చెప్పాను. అబద్ధం సంగతి చెప్పలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ చెప్పలేదు.

"పోనీలెండి. దాని కోసం అంత దూరం వెళ్ళారా?" అని, నా వైపు ఒకసారి చూసి, రొయ్యలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

నేను పెరట్లోకి వెళ్ళి రోలు పక్కన ఆవిడ కూర్చునే పీట మీద కూర్చున్నాను. వంతెన దిగే చోట లారీలు, ఆటోలు, ట్రాక్టర్లు స్పీడ్ బ్రేకర్ దగ్గర మెల్లగా చేసి దాటుతున్నాయి. ఒక్కొక్క ఇంజను మోతా విడిగా, స్పష్టంగా, పక్కనే ఉన్నట్టు వినపడుతోంది. ఆ ఇంట్లోకి వచ్చి అప్పటికి ఏడెనిమిదేళ్ళయింది. ఆ పీట మీద కూర్చోవడం నాకు అదే మొదటిసారి.